రాజీ మాత్ర

మందుల పుస్తకంలో లోరాజెపామ్ అనే మాత్ర దగ్గర ఒక చిన్న వాక్యం ఉంటుంది. ఇది వేసుకున్నవాళ్ళు ఆ తర్వాత కొన్ని గంటలపాటు జరిగిన సంగతులు మరిచిపోవచ్చు అని. మీలా ఫార్మసీ చదివే పిల్లలు పరీక్షకు దాని కింద గీత కూడా గీయకుండా దాటేసి ఉంటారు. నేనూ దాటేసినవాణ్ణే. ఆ ఒక్క వాక్యం కోసం ఒక ఆదివారం పొద్దున ఇండూరు పాల సొసైటీ వరండాలో, ఊరంతా చూస్తుండగా, చేతిలో సుద్దముక్కతో నిలబడాల్సి వస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, ఈ చదువు మాని మా మామ బట్టల కొట్లో గుడ్డలు కొలుస్తూ కూర్చునేవాణ్ణి.

అవి ఎనభైలు. తమిళనాడు ధర్మపురిలో ఒక ఆసుపత్రిలో పని. మందులిచ్చే గదికి రెండు కిటికీలు. ఒకదాని వెనక నేను, ఇంకోదాని వెనక మా సీనియర్. ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. రోగితో మూడు మాటలు మాట్లాడితే చాలని ఆయన సిద్ధాంతం. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. నాలుగో మాట మాట్లాడినవాడు ఇరుక్కుంటాడు అనేవారు. నేనేమో నాలుగో మాటతోనే మొదలుపెట్టే రకం. పైగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం మాది. అందుకని దగ్గర్లోని ఇండూరు పల్లె వైపు నుంచి వచ్చే తెలుగువాళ్ళు పక్క కిటికీ ఖాళీగా ఉన్నా నా ముందే వరస కట్టేవాళ్ళు. మందు తీసుకునే ముందు మా నాయనది ఏ ఊరు, మా అమ్మది ఏ ఊరు, ఇంకా పెళ్ళి ఎందుకు కాలేదు అన్నీ విచారించేవాళ్ళు. పక్క కిటికీలో మా సీనియర్ దగ్గేవారు. ఆ దగ్గుకు అర్థం, నువ్వు ఇరుక్కుంటున్నావని.

అట్లా నా కిటికీకి వచ్చినవాళ్ళలో ఒకాయనకు నేను పెట్టుకున్న పేరు మీసాలాయన. ఆవులూ ఎడ్లూ పెట్టుకుని బతికే మనిషి. అరవై దాటినా, పొగరుబోతు కోడెను ఒంటిచేత్తో లొంగదీస్తాడని ఆ చుట్టుపక్కల పేరు. రెండు చెంపల మీదికీ మెలి తిరిగిన మీసం, నిగనిగలాడే నలుపు. తల మాత్రం పూర్తిగా తెల్లబడింది. ఆ మీసం కింద ఎడమవైపున దవడపన్ను పుచ్చి, ముఖం ఒకవైపు గుమ్మడికాయలా వాచింది.

మా పళ్ళ డాక్టరమ్మ మద్రాసు నుంచి వచ్చిన పొట్టి మనిషి. చెక్కపీట ఎక్కి నిలబడి పళ్ళు పీకేది. పీట మీద ఉన్నంతసేపూ ఆమె ముందు కలెక్టరైనా నోరు తెరవాల్సిందే. మీసాలాయన ఆమె దగ్గర నుంచి రెండుసార్లు పారిపోయాడు. మొదటిసారి ఉమ్మేసి వస్తానని చెప్పి బయటికి నడిచి, అట్లాగే నడుచుకుంటూ బస్టాండు చేరాడు. రెండోసారి పటకారు చూసీ చూడగానే కుర్చీలోంచి దూకాడు. మెడకు కట్టిన ఆసుపత్రి గుడ్డతోనే ఇండూరు బస్సు ఎక్కాడు. ఆ గుడ్డను ఆయన భార్య మరునాడు ఉతికి మడతపెట్టి తెచ్చి ఇచ్చింది.

తర్వాత నొప్పి మాత్రలకు నా కిటికీకి వచ్చినప్పుడు ఆయన్నే అడిగాను, ఎద్దుకు భయపడనివాడికి ఇదేం భయమని.

"భయమా? నాకా?" అన్నాడు వాచిన నోటితో. "ఆ యమ్మ చేతిలో ఉండేది ఏందో చూసినావా తమ్ముడూ? ఎద్దుకు లాడం కొట్టేవాని కాడ కూడా అంత పెద్దది ల్యా. ఎద్దన్నా తన్నేదానికి ముందు ఒక చూపు చూస్తాది. ఆ యమ్మ చూడను కూడా చూడదు."

మూడోసారికి డాక్టరమ్మ ఉపాయం మార్చింది. చీటీ మీద రెండు మాత్రలు రాసింది. రాత్రి పడుకునేముందు ఒకటి, పొద్దున బయలుదేరేముందు ఒకటి. వెంట బలమైన మనిషిని ఒకణ్ణి తీసుకురమ్మంది.

ఆ రోజుల్లో ఆదుర్దా తగ్గించడానికి మా దగ్గర మామూలుగా ఉండేది డయాజెపామ్. ఆ నెల అది అయిపోయి, దాని చెల్లెలు లోరాజెపామ్ ఉంది. రెండూ ఒకే ఇంటి పిల్లలు. అక్కకు క్లోరిన్ పరమాణువు ఒకటి, చెల్లెలికి రెండు. అక్క ఒంట్లోకి వస్తే ఒక పట్టాన పోదు. కాలేయం దాన్ని కోసి ఇంకో రకంగా మారిస్తే, ఆ మారిందీ మందులాగే పనిచేస్తుంది. చెల్లెలికి ఆ పేచీ లేదు. కాలేయం దానికి చక్కెరలాంటి ఒక ఆమ్లాన్ని తగిలించి మూత్రంలో సాగనంపుతుంది. అయితే ఉన్న కాసేపట్లోనే చెల్లెలు జ్ఞాపకం మీద గట్టిగా చెయ్యి వేస్తుంది. నేను దాటేసిన వాక్యం అదే.

మాత్రలు తీసుకోవడానికి వచ్చింది ఆయన భార్య. సన్నగా, చలాకీగా ఉండే మనిషి. బలమైన మనిషిని తోడు తెచ్చుకోండమ్మా అంటే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆయప్పను పట్టుకొనేంత బలం ఉండేది ఒక్కనికే నాయనా. మా మరిదికి. కానీ వాణ్ణి చూస్తే ఈయప్ప పన్ను కాదు, ప్రాణం పోయినా నోరు తెరవడు."

ఎందుకని అడిగాను. పక్క కిటికీలో దగ్గు వినబడింది.

అన్నదమ్ములకు మాటల్లేక చాలా ఏళ్ళయిందట. ఏదో పిల్ల చెవులు కుట్టే విందులో అందరూ భోజనాల దగ్గర ఉండగా, తమ్ముడు తమాషాకు ఒక మాటన్నాడు. "మా అన్న మీసానికి వయసు రాదు, అది బూట్ పాలిష్" అని. పంక్తి అంతా నవ్వింది. అన్న ఆకు ముందు నుంచి లేచిపోయాడు. మరునాడు తన పొలంలో నుంచి తమ్ముడి ఆవులు చెరువుకు పోయే బండిదారికి ముళ్ళకంచె వేశాడు. అప్పటినుంచి తమ్ముడి ఆవులు గుట్ట చుట్టూ తిరిగి చెరువుకు పోతున్నాయి. పోయి వచ్చేసరికి తాగిన నీళ్ళన్నీ నడకకే సరిపోతున్నాయట. పాలు తగ్గాయి.

"మరి మీ సంగతి?" అన్నాను.

"మాకేమి? నేనూ మా తోడికోడలూ ఆ కంచె మీదనే పెరుగు గిన్నెలు మార్చుకుంటాము. కంచె వాళ్ళిద్దరికీ గదా."

పోతూ పోతూ, మరిదిని తీసుకురావాలో వద్దో ఆలోచిస్తానంది. ఆమె అప్పటికే ఆలోచించేసిందని నాకు తర్వాత అర్థమైంది.

మీసాలాయన రాత్రి మాత్ర వేసుకోలేదు. ఇంట్లో ఒక ఆవు ఈనే సూచనలు కనిపిస్తుంటే మొద్దునిద్ర పోవడం ఇష్టంలేక మానుకున్నాడట. ఇచ్చినదాన్ని వృథా చేయడం కూడా ఇష్టంలేక, పొద్దున ఇండూరులో బస్సుకోసం నిలబడి, టీతో రెండూ కలిపి మింగేశాడు. ఈ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు.

ఆయన ఆసుపత్రికి నడిచి వచ్చిన తీరు చూసి నేను వేరే మనిషనుకున్నాను. మామూలుగా ఛాతీ ముందుండి మనిషి వెనక వచ్చేవాడు. ఆ రోజు గాలిలో తేలుతున్నట్టు, ముఖమంతా చిరునవ్వుతో, వరసలో ఉన్న ప్రతివాళ్ళ భుజమూ తట్టుకుంటూ వస్తున్నాడు. బొమ్మిడి నుంచి వచ్చిన ఒక జ్వరం మనిషికి తన తుండుగుడ్డ తీసి కప్పాడు. హరూర్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కాళ్ళకు దండం పెట్టాడు. నా కిటికీలో తల దూర్చి, "తమ్ముడూ, నువ్వు బంగారం. ఆ పక్కనుండే దగ్గు మనిషి కూడా బంగారమే" అన్నాడు. మా సీనియర్ దగ్గడం ఆపేశారు.

అప్పుడు ఆయన భార్య వరండా స్తంభం వైపు తిరిగి సైగ చేసింది. స్తంభం వెనక నుంచి తమ్ముడు బయటికి వచ్చాడు. అన్నంత ఎత్తే, మీసం లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా గుండీలు సర్దుకుంటున్నాడు.

మీసాలాయన ఆగిపోయాడు. నేను కిటికీ తలుపు సగం మూసుకున్నాను, ఏమైనా విసురుతాడేమోనని.

"రేయ్," అన్నాడు మీసాలాయన. "ఎప్పుడొచ్చినావురా? తిన్యావా?"

అన్న రెండు అంగల్లో పోయి గట్టిగా కౌగిలించుకున్నాడు. ఆ పట్టు కోడెలను పట్టే పట్టు. తమ్ముడి కాళ్ళు నేలమీద ఆనడం లేదు.

"ఆ కంచె పీకి పారేయిరా. దారి నీదే. మన నాయన మనిద్దరికీ గదా దారి పెట్టింది. నా ముద్దుల నల్ల పెయ్య ఉండాదే, దాన్ని కూడా తోలుకొని పో. దాని మీద ఆన. రేపది ఈనితే నీ పిల్లోళ్ళు పాలు తాగనీ."

"అన్నా, దించు అన్నా," అన్నాడు తమ్ముడు ఊపిరాడక.

అన్న దించాడు. దించి, చుట్టూ ఉన్న వరసనంతా ఒకసారి చూసి, చెవిలో చెప్పే రహస్యంలా మొదలుపెట్టి, ఆసుపత్రంతా వినేట్టు ముగించాడు.

"ఇంగొకటి చెప్తానురా. పాలిషే! నువ్వన్నది నిజమే! వారానికి రెండుసార్లు పూస్తాను. పళ్ళు తోమే బ్రష్షుతో!"

వరసలో ఉన్న పిల్లలు కూడా నవ్వారు. ఆయన అందరికన్నా ఎక్కువ నవ్వాడు. లోపలికి పోయి కుర్చీలో కూర్చుని, "రా తల్లీ, ఎన్ని పళ్ళు కావల్లనో పీక్కో" అన్నాడట. డాక్టరమ్మకు తెలుగు రాకపోయినా ఆ మాట అర్థమైంది. తమ్ముణ్ణి పట్టుకోవడానికి రమ్మంటే, అన్న భుజం మీద చెయ్యి వేసి ఊరికే నిలబడ్డాడు. పట్టుకునే అవసరమే రాలేదు. పన్ను కాగితంలో చుట్టి భార్య చేతికిచ్చారు. బస్సులో దారి పొడుగునా మీసాలాయన తమ్ముడి భుజం మీద తలపెట్టి నిద్రపోయాడట.

మందు పనితనం చూసి నేను చాలా మురిసిపోయాను. క్లోరిన్లు రెండున్నందుకు ఇంత ప్రేమా అని మా సీనియర్‌తో అన్నాను. "ఇంకా ఇరుక్కోలేదు గదా, ఆగు," అన్నారు ఆయన.

ఎక్కువ ఆగనవసరం లేకపోయింది. శనివారం తమ్ముడు నా కిటికీ ముందుకు వచ్చాడు. నుదుటి మీద బొప్పి.

"సార్, మీరు మా ఊరికి రావల్ల. రేపు పంచాయితు."

జరిగింది ఇది. పన్ను పీకిన సాయంత్రమే తమ్ముడు కంచె పీకి, ఆవులను దారిలో తోలి, నల్ల పెయ్యను తన కొట్టంలో కట్టుకున్నాడు. అన్న మరునాడు పొద్దెక్కాక నిద్రలేచాడు. ఆయనకు చివరగా గుర్తున్నది ఇండూరు టీ కొట్టు. లేచి చూస్తే కంచె లేదు, పెయ్య లేదు. నాలుకతో తడుముకుంటే పన్ను లేదు. మూడూ దొంగలెత్తుకుపోయారని వీధిలో నిలబడి అరిచాడు. ఊరివాళ్ళు వచ్చి, పన్ను డాక్టరమ్మ పీకింది, కంచె నీ తమ్ముడు పీకినాడు, రెండూ నువ్వు చెప్పే జరిగినాయి అంటే, ఆయన నమ్మలేదు. "నేనా? వానికా? నా పెయ్యనా?" అని తమ్ముడి మీదికి చేతికందిన పాలచెంబు విసిరాడు.

"ఇప్పుడు ఏమంటాడంటే, ఆసుపత్రోళ్ళు మందు పెట్టి నా నోట్లో నుంచి దారి గుంజుకొన్యారు, ఆ మాట చెల్లదు అంటాడు సార్. మీరొచ్చి మాత్తర సంగతి చెప్పండి. మాకు తెలుగులో చెప్పేవాళ్ళు మీరే."

నేను పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆమె పీట మీద నుంచి దిగకుండానే తమిళంలో చెప్పింది, పన్ను గురించి అడిగితే వస్తాను, దారి గురించి నాకేం తెలుసు అని. మా సీనియర్ దగ్గరికి పోతే ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఒక్క సలహా ఇచ్చారు. "పో. కానీ అక్కడ కూడా మూడు మాటలే. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి."

ఆదివారం పొద్దున ఇండూరులో బస్సు దిగేసరికి పాల సొసైటీ వరండా నిండిపోయి ఉంది. పాలు పోసి పోవలసినవాళ్ళు కూడా ఖాళీ క్యాన్ల మీద కూర్చుని ఉన్నారు. సొసైటీ ప్రెసిడెంటే పంచాయతీ పెద్ద. బక్కపలచని, ఓపిక తక్కువ మనిషి. ఆయనకు ఒక పక్క మీసాలాయన స్టూలు మీద, ఎండ ముఖాన కొడుతుండగా బిగుసుకుని కూర్చున్నాడు. ఇంకో పక్క గోడకు ఆనుకుని తమ్ముడు. గోడ మీద నల్లబల్ల, దాని మీద ఎవరి పాలలో ఎంత వెన్న ఉందో లెక్కలు.

అంతమందిని చూసి నాకు భయం వేసింది. ఇట్లాంటి భయానికే కదా ఆ మాత్ర అని గుర్తొచ్చింది. ఒకటి జేబులో వేసుకొచ్చి ఉంటే బాగుండేదనిపించింది. అయితే నేను దేన్ని దానం చేసి వచ్చేవాణ్ణో తెలియదు.

"ఆ మాత్తరలో ఏముంది? బోర్డు మీద రాసి చూపండి," అన్నాడు ప్రెసిడెంటు. "వెన్న లెక్కలు చెరపొద్దు. కింద రాయండి."

వెన్న లెక్కల కింద లోరాజెపామ్ గీశాను. ఆరు మూలల గది ఒకటి, దానికి గోడ కలిపి ఏడు మూలల గది ఇంకొకటి, బయట వేలాడుతూ ఇంకో ఆరు మూలల గది. రెండు చోట్ల క్లోరిన్. ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ మెడ చాపి చూసింది.

"ఇది మా కొట్టం గదప్పా! ఆ పక్కనుండేది దూడల గది."

"అట్లాగే అనుకోండి అవ్వా," అన్నాను. "మన మెదడులో భయానికి ఒక బ్రేకు ఉంటుంది. ఈ మాత్ర పోయి ఆ బ్రేకును ఇంకా గట్టిగా తొక్కుతుంది. భయం తగ్గుతుంది, బిగుసుకున్న ఒళ్ళు సడలుతుంది, నిద్ర వస్తుంది."

"మరి మరిచిపోవడం?" అన్నాడు ప్రెసిడెంటు.

దీనికి నేను రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న సమాధానం ఉంది. "పాలకు తోడు వేస్తే పెరుగు కావాలి గదా. జ్ఞాపకం కూడా అంతే, కాసేపు కదలకుండా తోడుకోవాలి. ఈ మాత్ర ఒంట్లో ఉన్నంతసేపూ ఆ తోడు పడదు. చూసింది, విన్నది, చెప్పింది అన్నీ పాలగానే ఉండి కారిపోతాయి. పాత పెరుగుకు ఏమీ కాదు. అందుకే ఆయనకు టీ కొట్టు దాకా గుర్తుంది, తర్వాతిది లేదు. ఆయన అబద్ధం చెప్పడం లేదు."

పాల మనుషులు కాబట్టి అందరూ తలలూపారు. మీసాలాయన మొదటిసారి నన్ను ప్రేమగా చూశాడు. "ఇన్యారా? నేను అబద్ధం చెప్పలేదు. కల్లు తాగినోని కాడ వేలిముద్ర ఏపించుకొంటే చెల్లుతుందా? ఇదీ అంతే!"

"కల్లు ఎవురూ పన్ను పీకించుకొనేదానికి తాగరు," అన్నారు వెనక నుంచి ఎవరో. దాని మీద కాసేపు వాదన జరిగింది. పన్నునొప్పికి కల్లు తాగినవాళ్ళు ముగ్గురు లేచి సాక్ష్యం చెప్పారు.

ప్రెసిడెంటు చేత్తో క్యాను మూత బాదాడు. "అది వద్దు. సార్, ఒకే మాట చెప్పండి. దారి ఇచ్చింది మనిషా, మాత్తరా?"

"మాత్రలో మాటలుండవండీ," అన్నాను. "అందులో క్లోరిన్ ఉంది, నైట్రోజన్ ఉంది. దారీ లేదు, పెయ్యా లేదు."

తమ్ముడి పక్షం వాళ్ళు క్యాన్లు వాయించారు.

"అయితే," అన్నాను, ఊరుకోలేక, "మామూలుగా ఉంటే వెనకాముందు చూసుకుని ఆపుకునే మాటను ఆ మాత్ర ఆపుకోనివ్వదు. అప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని నమ్ముకోకూడదని మా పుస్తకాల్లోనే ఉంది."

అన్న పక్షం వాళ్ళు క్యాన్లు వాయించారు.

ప్రెసిడెంటు నన్ను నీళ్ళు కలిపిన పాలను చూసినట్టు చూశాడు. "మీరు రెండు వైపులా పోసినారు సార్. కూసోండి." కూర్చున్నాను. మూడు మాటల సిద్ధాంతం విలువ అప్పుడు తెలిసింది.

తర్వాత ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. "ఒకటి అడుగుతాను. ఆ పొద్దు మీ అన్న తెలివిలో ఉండి నిజం మాట్లాడినాడా, పిచ్చి మాటలు మాట్లాడినాడా అనేది తేలల్ల. దారి, పెయ్య కాకుండా ఇంగేమన్నా చెప్పినాడా? మనము ఇప్పుడే, ఈడనే, నిజమా కాదా అని చూసుకొనే మాట ఏదన్నా?"

ఉంది కదా. ఒక తడిగుడ్డ తెప్పిస్తే చాలు. పాలిష్ నిజమని తేలితే ఆ రోజు నోట వచ్చినవన్నీ నిజాలే. దారి తమ్ముడిదైపోతుంది, పెయ్యతో సహా. తమ్ముడికి కావలసిందల్లా నోరు తెరిచి ఆ ఒక్క మాట చెప్పడం.

మీసాలాయన వైపు చూశాను. ఆయన భార్య ఇంట్లో అన్నీ చెప్పేసినట్టుంది. మనిషి కదలడం లేదు. ఎద్దులకు జడవని కళ్ళు నేల చూస్తున్నాయి. ఎండకు చెమట పట్టింది. మీసం కొన నుంచి ఒక నల్లని చుక్క మెల్లగా కిందికి జారడం నేను చూశాను. తమ్ముడూ చూశాడు.

తమ్ముడు గోడ వదిలి నాలుగడుగులు వేసి, జనానికీ అన్నకూ నడుమ వచ్చి నిలబడ్డాడు.

"ఇంగేమీ చెప్పలేదు పెద్దాయనా. దారి, పెయ్య, అంతే." తర్వాత కింద చూస్తూ, "అన్నకు ఎండ తగులుతావుండాది. ఆ స్టూలు నీడకు ఎయ్యండి," అన్నాడు.

"అంత సేపూ అంతేనా? సార్, మీరు విన్యారా?" అన్నాడు ప్రెసిడెంటు నాతో.

"మా కిటికీలో నుంచి సగమే వినబడుతుందండీ," అన్నాను. నా ఉద్యోగంలో నేను నాలుగో మాట మింగిన రోజు అదే.

మీసాలాయన లేచి నిలబడ్డాడు. తమ్ముడి వీపు వెనకే నిలబడి, తమ్ముడి భుజం మీది తుండుగుడ్డ లాక్కుని, ముఖం తుడుచుకున్నాడు. ఆ తుండు మీద పడిన మరక నా వైపే ఉంది. దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"పెద్దమనుషులారా," అన్నాడు. "ఆ పొద్దు దారి మాత్తర ఇచ్చిందో, నేనే ఇచ్చినానో నాకు తెలీదు. ఆ సారుకూ తెలీదు. ఇప్పుడు నా కడుపులో రాగి సంగటి తప్ప ఏమీ ల్యా. ఇప్పుడిస్తావుండా. దారి తెరిచే ఉంటాది." అంతలోనే గొంతు పెంచాడు. "పెయ్యను మాత్రం ఇయ్యను! దాన్ని యాడ కట్టినావురా? తోలుకొని రా!"

"అది పొద్దునే తాడు తెంపుకొని మీ కొట్టానికే వచ్చేసింది అన్నా," అన్నాడు తమ్ముడు. "నువ్వు నన్ను తిట్టే పనిలో ఉండి చూసుకోలేదు."

నవ్వులకు వరండా మీద ఖాళీ క్యాన్లు దొర్లాయి. ప్రెసిడెంటు నల్లబల్ల మీది నా కొట్టాన్ని చేత్తో తుడిచేసి, పాలు పోసినవాళ్ళంతా ఇళ్ళకు పొమ్మన్నాడు. ఆ మధ్యాహ్నం నాకు రెండిళ్ళలోనూ భోజనం పెట్టారు. రెండిళ్ళలోనూ ఒకే పెరుగని అనుమానం.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. సోమవారం పొద్దున కిటికీ తెరిస్తే, బయట ఇండూరు ఉంది. కోడలు మాట వినని అత్తలు, అత్త మాట వినలేని కోడళ్ళు, సరిహద్దు గట్టు తగాదాల రైతులు. అందరికీ కావలసింది రాజీ మాత్ర. చీటీ ఎవరి దగ్గరా లేదు. ఒకామె మెల్లగా అడిగింది, కాఫీలో కలిపితే రుచి తెలుస్తుందా అని. ఇంకొకాయన తనకు వద్దని, పక్క పొలం ఆయనకు మాత్రం నాలుగు కావాలని అన్నాడు. ఇది డాక్టరు రాస్తేనే ఇచ్చే మందు, తెలియకుండా ఇంకొకరికి పెడితే నేరం, మోతాదు మించితే మనిషి లేవకపోవచ్చు, అలవాటు పడితే మానుకోవడం కష్టం అని గొంతు పోయేదాకా చెప్పాను. ఎవరూ కదల్లేదు. చివరికి మా సీనియర్ తన కిటికీలో నుంచి తల బయటపెట్టి, "ఆ మాత్ర కావలసినవాళ్ళు ముందు తమ వాటా రాసివ్వాలి," అన్నారు. వరస చెదిరిపోయింది. ఆయన నాలుగో మాట మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. ఆ తర్వాత ఆ సీసాను బీరువాలో పెట్టి తాళం తన మొలతాడుకు కట్టుకున్నారు.

పిల్లలూ, మీకు నేను చెప్పగలిగింది కొంచెమే. మందు ఏం చేస్తుందో పుస్తకం చెబుతుంది. మందు ఒంట్లోకి పోయేసరికి అక్కడ ముందునుంచీ ఏమేం ఉన్నాయో పుస్తకానికి తెలియదు. ఇండూరులో ఆ రోజు మాత్ర ఒక మనిషిని మాట్లాడించింది నిజమే. ఇంకో మనిషి ఏ మాత్రా లేకుండానే మాట ఆపుకున్నాడు. అది ఏ రసాయనమో నాకు ఇప్పటికీ తెలియదు.

కొన్ని నెలలకు మీసాలాయన కుడివైపు పన్ను కూడా పుచ్చింది. ఈసారి భార్య రాలేదు. తమ్ముడు వెంట వచ్చాడు. డాక్టరమ్మ మళ్ళీ మాత్ర రాసింది. ఆయన చీటీ నా కిటికీలో నుంచి లోపలికి తోసి, మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు తమ్ముడూ. పోయినసారి పన్ను పోయింది, దారి పోయింది, పెయ్య పోయి వచ్చింది. ఒక్కటి కూడా నేను చూడలేదు. ఈ తూరి నొప్పయినా సరే, నేను దగ్గరుండి చూసుకోవల్ల."

"నేను పట్టుకొంటాను సార్," అన్నాడు తమ్ముడు.

లోపల ఎంతసేపు పట్టిందో చెప్పలేను. అరుపు మాత్రం బస్టాండు దాకా వినబడిందని తర్వాత టీ కొట్టువాళ్ళు చెప్పారు. డాక్టరమ్మ పీట మీద నుంచి కిందపడింది, పన్నుతో సహా. మీసాలాయన నోటినిండా పత్తితో, కళ్ళ నిండా నీళ్ళతో బయటికి వచ్చాడు. తమ్ముడు వెనక నడుస్తూ, నలిగిపోయిన చేతివేళ్ళు విదిలించుకుంటున్నాడు.

"అంత అరుపు ఏందన్నా?" అన్నాడు తమ్ముడు, నాకు వినబడేట్టు. "అది కూడా నా పేరు పెట్టి! ఆసుపత్రంతా విన్యారు."

మీసాలాయన ఆగాడు. నోట్లోని పత్తి ఒక పక్కకు జరుపుకున్నాడు.

"అరిచినాను," అన్నాడు. "నేనే అరిచినాను."